చెవి చెప్పిన తొంభై నాలుగు

ఉధ్నా బస్తీల ఆటోలు బాగుచేసే రాజనర్సుకు చెవే మీటర్. పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవర్, మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనిచ్చి, కండ్లు మూసుకుని ఇన్నడంటే ఏ బేరింగు పోయిందో చెప్పేటోడు. ఇరవై ఏండ్లల ఒక్కసారి తప్పలేదని జబ్బలు చరుచుకునేటోడు కూడా. ఆ గొప్పంతా ఇప్పుడు యాడవాయెనో.

కరెంటు ఆటోలు వచ్చినయి. సర్టిఫికెట్ లేనోడు వాటిని ముట్టొద్దన్నడు గ్యారేజీ సేఠ్. ఇగ చేసేదేముంది, రెండో వేవ్ తగ్గిన ఆగస్టుల, యాభై ఏండ్ల మనిషి మూతికి మాస్కు కట్టుకుని ట్రైనింగ్ షెడ్డుల బెంచీ మీద కూసున్నడు. పాఠం చెప్పేది ఎవలనుకున్నరు? నవత. ఒకే గ్యారేజీల ఆయనతోని పదిహేనేండ్లు పనిచేసి, ఏప్రిల్‌ల కరోనాతోని పోయిన పరమేశ్ బిడ్డ.

'కాకా, ముందల కూసో' అని ఆమె ప్రేమగ పిలిస్తె, తేలు కుట్టిన దొంగ లెక్క పోయి కూసున్నడు.

నవత ఆటో తాళం తిప్పుతది. బండి చాలైతది గాని సప్పుడుండదు. ఆ సప్పుడు లేని జాగల రాజనర్సుకు పరమేశ్ రొమ్ముల పిల్లికూతలు ఇనవడుతయి. సన్నగ మొదలై, పెద్దగయి, ఉన్నట్టుండి ఆగిపోతయి. అవి ఆగుడే ఆయనకు భయం. పక్కన కూసున్న బ్రహ్మచారి అనే ఇంకో మెకానిక్‌కు ఏమన్న ఇనవడుతున్నదా అని తొంగి చూసేటోడు. ఆయన ఆవులించుకుంట రాసుకుంటుండె. ఇంట్ల ఫ్యాన్ బందైనా గంతే, లేచి కూసునుడే.

ఏప్రిల్‌ల నవతకు, తల్లికి ఇద్దరికీ జరమే. ఒక్కటే అర్ర ఇల్లు. అందుకని పరమేశ్‌ను గ్యారేజీ మీది అర్రల పండవెట్టి రాజనర్సే చూసుకున్నడు. గంజి తాగిచ్చిండు, వీపు రుద్దిండు, ఆ మాట అబద్ధం కాదు. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ నవత పంపితే మాత్రం అంగీ జేబులనే ఉంచిండు. మనిషి రొమ్ముకు చెవి ఆనిస్తె తెల్వదా, దీనికి మిషన్ ఎందుకు అనుకున్నడు మొండోడు. మూడో దినం పొద్దుగాల పిల్లికూతలు తగ్గినయి. ఇంజన్ల గర్‌గర తగ్గితె బాగైనట్టే గదా, ఆయన నేర్చిన ఇల్మ్ అంతే. మధ్యాహ్నం నవత ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతున్నదని అడిగితె, భయం లేదు, తొంభై నాలుగన్నడు. పొద్దుగూకకముందే పరమేశ్ పోయిండు.

చేసిన పాపం చెప్పుకుంటె పోతదంటరు. ఎవలకు చెప్పుకోవాల్నో ఎవలూ చెప్పరు.

ట్రైనింగ్‌ల నాలుగో దినం ప్రాక్టికల్. నవత తాళం తీసేసి, బండి పూరా బందైందా చూసి చెప్పుమన్నది. బల్ల మీదున్న కరెంటు మీటర్ దిక్కు రాజనర్సు చూడనన్న చూడలే. అలవాటు గదా, పేచ్‌కస్ తీసి బ్యాటరీ మీద ఆనియ్యబోయిండు. మొన రెండు తీగెల నడుమ పడేదే, నవత చెయ్యి పట్టి గుంజింది. మీటర్ తానే పెట్టి చూపిచ్చింది. అండ్ల కరెంటు నిండ ఉన్నది.

"సప్పుడు లేకుంటె ఏం లేనట్టు కాదు కాకా. చెవిని నమ్మొద్దు."

అందరు చాయ్‌కు పోయేదాక రాజనర్సు ఆడనే నిలవడ్డడు. అటెన్క మాస్కు కిందికి గుంజి, ఒక్క గుక్కల కక్కేసిండు.

"బిడ్డా, ఆ దినం నేను మిషన్ పెట్టలే. తొంభై నాలుగు నా చెవితోని చెప్పిన."

నవత కింద కూసున్నది. తిడితె బాగుండు, రెండు కొడితె ఇంక బాగుండు అనుకున్నడు. ఆమె ఏడుస్తలేదు కూడా.

"ఆ మధ్యాహ్నం వరాఛా దవఖానల నాయినకు బెడ్డు దొరికింది కాకా," అన్నది. "తొంభై నాలుగున్నది గదా, ఇంకెవలకన్న ఇయ్యిండ్రని నేనే చెప్పిన. నాయినను నేనే సంపుకున్న అని నాలుగు నెలల సంది అన్నం ముద్ద దిగుతలేదు నాకు."