పహిల్వాన్‌ని పక్కకి తిప్పిన రోజు

మా లైబ్రరీలో వదిన అంటే ఒక్కరే. పై అంతస్తులో, పుస్తకాల వివరాలు రాసే క్యాటలాగింగ్ సెక్షన్ ఆవిడది. ఆవిడ సొంత ఆడపడుచు చిట్టి కింద రిఫరెన్స్ డెస్క్‌లో కూర్చుంటుంది. చిట్టి రోజూ మెట్ల దగ్గర నిలబడి "వదినా!" అని కేకేయడం విని విని, ముందు అటెండర్లు, తర్వాత క్లర్కులు, చివరికి మా పెద్ద మేడం కూడా ఆవిడని వదినా అనే పిలవడం మొదలుపెట్టారు.

చిట్టి అనేది ముద్దుపేరే. నలభై దాటినా అదే నిలిచిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అంటుంది. ఉండేది అన్నావదినల దగ్గరే. వదినా ఆడపడుచులు ఒకే స్కూటర్ మీద వస్తారు, ఒకే క్యారియర్ విప్పుకుని తింటారు, వానొస్తే ఒకే గొడుగులో సగం సగం తడుస్తారు. "వీళ్ళ ఇంట్లో కొట్లాటలుండవా?" అని కొత్తగా చేరినవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. ఉండేవి. వండినదాంట్లో ఉప్పు దగ్గర మొదలై, మెట్లెక్కేలోపు అయిపోయేవి.

అలాంటిది ఓ సోమవారం వదిన స్కూటర్ మీద, చిట్టి బస్సులో, ఎవరికి వాళ్ళు వచ్చారు. భోజనాల వేళ రెండు క్యారియర్లు కనిపించాయి. లైబ్రరీ అంతా గుసగుసలు.

సంగతి నాకు చిట్టి వాళ్ళ అన్నయ్య చెప్పాడు. అతనికి మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపుంది. నా జోడు స్క్రూ బిగించుకోవడానికి వెళితే, స్క్రూ వదిలేసి గోడు మొదలెట్టాడు.

"వేరే ఇల్లు చూసుకుందండీ బాబాయ్ గారూ. ఒక్కత్తే ఉంటుందట. అడ్వాన్సు కూడా ఇచ్చేసి వచ్చి, అప్పుడు చెప్పింది. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. 'ఏం తక్కువ చేశాం నీకు?' అంది. ఇది 'తక్కువ చేశారని నేనన్నానా?' అంది. అంతే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. నేను అడకత్తెరలో పోకచెక్కనై కూర్చున్నాను."

నన్ను లైబ్రరీలో అందరూ బాబాయ్ అనే అంటారు. పత్రికల సెక్షన్‌లో జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. ఎవరింటి గొడవైనా చివరికి నా చెవిన పడాల్సిందే. ఈసారి చెవిన పడటంతో ఆగలేదు.

ఆ వారమే పెద్ద మేడం మా ముగ్గురినీ తన గదిలోకి పిలిచారు. లైబ్రరీ కంప్యూటర్‌లో పుస్తకం కోసం వెతికినవాళ్ళకి, పుస్తకాలతో పాటు నమ్మదగిన వెబ్‌సైట్లు కూడా కనపడాలన్నది ఆవిడ ఆలోచన. ఒక్కో సైటుకీ పుస్తకానికి రాసినట్టే వివరాలు రాయాలి: ఎవరు తయారు చేశారు, దేని గురించి, ఎవరికి పనికొస్తుంది.

"జనం ఏం అడుగుతారో చిట్టికి తెలుసు. ఎలా రాయాలో వదినకి తెలుసు. ఒకరు రాస్తే రెండోవాళ్ళు సరిచూడాలి. ఇద్దరూ ఓకే అంటేనే పైకి ఎక్కుతుంది. సైట్లు తెరుచుకుంటున్నాయో లేదో బాబాయ్ చూసుకుంటారు" అన్నారు. ఇద్దరి మధ్యా మాటల్లేవని ఆవిడకి తెలియదో, తెలిసే చేశారో, ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

ముగ్గురికీ ఒకే బల్ల వేశారు. నేను మధ్యలో.

"బాబాయ్ గారూ, సబ్జెక్టు తప్పు రాసిందని చెప్పండి" అనేది వదిన, పక్కనే ఉన్న చిట్టి వైపు చూడకుండా.

"తప్పు కాదని చెప్పండి బాబాయ్ గారూ. కళ్ళజోడు మార్చుకోమనండి. ఇంట్లోవాళ్ళదే షాపుంది" అనేది చిట్టి.

సాయంత్రానికి నా మెడ టేబుల్ ఫ్యానులా అటూ ఇటూ తిరిగి పట్టేసేది. కానీ పని మాత్రం నడిచింది. పిల్లల లెక్కలు, చేతి కుట్లు, పెంపుడు జంతువుల జబ్బులు, పన్నుల లెక్కలు, ఒక్కో సైటూ వెతికి, చదివి, తూచి ఎక్కించాం. చిట్టి ఏరుకొచ్చేది, వదిన జల్లెడ పట్టేది. దొంగచూపులు కూడా ఉండేవి. చిట్టి దగ్గితే వదిన నీళ్ళ సీసా నా ముందుకి జరిపేది. నేను దాన్ని చిట్టి ముందుకి జరిపేవాణ్ణి.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం రిఫరెన్స్ డెస్క్ దగ్గరికి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. డ్యూటీ మధ్యలో వచ్చాడేమో, ఒంటి మీద ఖాకీ చొక్కా అలాగే ఉంది. వాళ్ళమ్మ మంచాన పడిందట. ఇంట్లో ఉండేది అతనూ ఆవిడే. వీపు మీద ఎర్రగా కమిలిందని, అది పుండు పడకుండా ఎలా చూసుకోవాలో పుస్తకమేమైనా ఉందా అని అడిగాడు. చిట్టి వెతికితే దొరికింది ఒక్కటే పుస్తకం, అదీ నర్సింగ్ విద్యార్థుల కోసం రాసింది. అతను నాలుగు పేజీలు తిప్పి "ఇది చదవాలంటే ముందు నేను నర్సు అవ్వాలి మేడం" అని తిరిగిచ్చేశాడు.

"నాలుగు రోజులాగి రండి" అంది చిట్టి. ఆ సాయంత్రమంతా కూర్చుని ఒక సైటు పట్టుకుంది. మంచంలో ఉన్న మనిషిని ఒక్కరే ఎలా పక్కకి తిప్పాలి, ఎలా ఒళ్ళు తుడవాలి, దుప్పటి ఎలా మార్చాలి, ఒక్కో పనికీ బొమ్మలు, కింద రెండేసి వాక్యాలు. చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేలా ఉంది.

వదిన చూసి తల అడ్డంగా ఊపింది. "రాసినవాళ్ళ పేరు లేదు. సంస్థ పేరు లేదు. ఎప్పుడు రాశారో లేదు. ఒంటికి సంబంధించిన విషయం. గాలికి పుట్టిన సైటుని లైబ్రరీ నెత్తినెట్టుకుంటే, రేపు ఎవరి నడుమో విరిగితే ఎవరిది పూచీ? కుదరదని చెప్పండి బాబాయ్ గారూ."

"పేరు లేకపోతే పని తప్పైపోతుందా అని అడగండి" అంది చిట్టి. ఆ సైటులో ఉన్న చిరునామాకి ఈమెయిలు రాస్తే తిరిగొచ్చింది. నేనే పంపాను, నాకే తిరిగొచ్చింది.

పంచాయితీ పెద్ద మేడం దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఇద్దరి మాటా విని, "పేరు లేకపోతే, ఆ పని తెలిసినవాళ్ళెవరైనా అందులో చెప్పినట్టు చేసి చూడాలి. సరిగ్గా ఉందంటే ఎక్కించండి. డాక్టరమ్మ ఒకామె నాకు తెలుసు, ఆవిడకీ ఒకసారి చూపిద్దాం. కానీ ముందు చేసి చూడండి. అలాంటి పని తెలిసినవాళ్ళు మనలో ఎవరున్నారు?" అన్నారు.

నేను ఆ ఇద్దరి వైపూ చూశాను. చిట్టి వాళ్ళమ్మ, అంటే వదినకి అత్తగారు, పోయేముందు ఏళ్ళ తరబడి మంచంలోనే ఉందని లైబ్రరీలో అందరికీ తెలుసు. ఆవిణ్ణి చూసుకున్నది ఈ ఇద్దరే.

"సరే" అంది వదిన, కిటికీ వైపు చూస్తూ. "మనిషి కావాలి."

మనిషి అంటే పహిల్వాన్ దొరికాడు. మా అటెండరు. ఏ కుస్తీలూ పట్టలేదు గానీ ఆ పొట్టకి ఆ పేరు వచ్చింది. చదువుకునే హాలు మూసేసిన రోజు చూసి, పొడవాటి బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాం. "నాకు నిద్రొస్తే లేపకండి" అని కళ్ళు మూసుకున్నాడు.

"ఊపిరి తప్ప ఏదీ కదపకూడదు" అంది చిట్టి. నేను కంప్యూటర్ పట్టుకుని ఒక్కో మెట్టూ చదువుతున్నాను.

"దుప్పటిని అడ్డంగా మడిచి భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద ఉండేలా వేయాలి. అవతలి మోకాలు పైకి మడవాలి. దుప్పటి అవతలి కొస పట్టుకుని..."

"ఇక్కడే తప్పు" అంది వదిన. "ఇది ఇద్దరు చేసే పని. చెరో వైపూ నిలబడి పట్టుకుంటేనే మనిషి తిరుగుతాడు. మేం అలాగే చేసేవాళ్ళం. ఒక్క మనిషి వల్ల కాదు."

"అవుతుంది" అంది చిట్టి.

"కాదు."

"అవుతుంది వదినా."

వదినా అన్నాక నాలుక కరుచుకుంది. వదిన కూడా నా వైపు చూడ్డం మర్చిపోయింది.

చిట్టి చీర కొంగు దోపుకుని బల్ల పక్కన నిలబడింది. పహిల్వాన్ అవతలి మోకాలు మడిచింది. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ పెట్టి, దుప్పటి కొస అందుకుని, చేతులతో కాకుండా తన ఒళ్ళంతా వెనక్కి వాల్చింది. అంత పహిల్వానూ తెడ్డు తగిలిన పడవలా మెత్తగా పక్కకి తిరిగాడు. వీపు వెనక దిండు దోపింది.

"అమ్మో!" అన్నాడు పహిల్వాన్, కదలకూడదన్న సంగతి మర్చిపోయి.

వదిన నోరు తెరుచుకుని చూస్తోంది. "ఇది ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మీ నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. నువ్వు అక్కడున్నావు కదా. అన్నయ్య షాపులో ఉండేవాడు. ఇంట్లో నేనూ అమ్మే."

"పక్కింటావిడ వచ్చి సాయం చేస్తోందని చెప్పావు ఫోన్లో!"

"చెప్పాను."

"అబద్ధమా?"

"నిజం చెబితే నువ్వు పెట్టె సర్దుకుని వచ్చేసేదానివి. ఆయన దగ్గర ఉండాల్సిన రోజులవి. ఉండనిచ్చాను." చిట్టి పహిల్వాన్ భుజం కింద దుప్పటి సర్దింది. "మొదటిసారి చేసినప్పుడు అమ్మ తిట్టింది. రెండోసారికి 'నువ్వే నయమే, మీ వదిన మరీ సున్నితం, భయపడుతూ తిప్పుతుంది' అంది."

"అత్తయ్య అలా అందా?" అని నవ్వబోయి వదిన ఏడ్చేసింది. చేతిలో కళ్ళజోడు, కళ్ళ మీద కొంగు. "అంత చేసినదానివి, ఇప్పుడు మమ్మల్ని వదిలేసి పోతానంటావేం? జనం ఏమనుకుంటారో నాకక్కర్లేదు. నువ్వు లేకపోతే నా వంటకి వంకలు పెట్టేదెవరే?"

"వదిలేసి ఎక్కడికి పోతున్నాను వదినా, ఆరో నంబరు బస్సులో పావుగంట." చిట్టి కూడా కళ్ళు తుడుచుకుంది. "చిన్నప్పుడు నాన్న ఇల్లు, తర్వాత అన్నయ్య ఇల్లు. మీరు నన్నేమీ తక్కువ చేయలేదు. ఎక్కువే చేశారు. కానీ ఏ గోడకి ఏ రంగు వేయాలో నేను ఒక్కసారైనా అనుకోవాలని ఉంది. మీమీద కోపంతో కాదు. నా మీద ఇష్టంతో."

వదిన చాలాసేపు ముక్కు తుడుచుకుంది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా. అడ్వాన్సు ఇచ్చి వచ్చి చెబుతారా ఎవరైనా?"

"చెబితే ఇవ్వనిచ్చేదానివా?"

"లేదు" అంది వదిన నిజాయితీగా.

"ఇక నేను లేవొచ్చా?" అన్నాడు పహిల్వాన్. అప్పుడే తలుపు తోసుకుని పెద్ద మేడం వచ్చారు. బల్ల మీద ఒక పక్కకి తిరిగి పడుకున్న అటెండరు, అటో ఆవిడా ఇటో ఆవిడా కన్నీళ్ళు పెట్టుకుంటూ. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని, "అయ్యో, ఏమైంది ఇతనికి?" అన్నారు. పహిల్వాన్ లేచి కూర్చుని నమస్కారం పెట్టేసరికి ఇంకాస్త బెదిరిపోయారు.

ఆ సాయంత్రమే ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని వివరాలు రాశారు. నన్ను మధ్యలోంచి లేపేశారు. సబ్జెక్టు దగ్గర మళ్ళీ మొదలైంది. వదిన "శయ్యాగత రోగుల పరిచర్య" అని కొట్టింది. నియమాల పుస్తకంలో ఉన్న మాట అదే.

"ఆ డ్రైవరు ఇది కొట్టి వెతుకుతాడా?" అంది చిట్టి.

"మరేం కొడతాడు?"

"'మంచాన పడ్డ అమ్మ' అని కొడతాడు. నా దగ్గరికి వచ్చి అలాగే అడిగాడు."

వదిన ఆలోచించింది. నియమాల పుస్తకం తిరగేసింది, మూసేసింది. పరిచర్యని ఉండనిచ్చి, దాని పక్కనే "మంచాన పడ్డవాళ్ళ సేవ", "వీపు పుండు" అని చేర్చింది. రెండు దారుల్లో ఎటు నుంచి వచ్చినా ఆ సైటు దొరుకుతుంది. సారాంశం చివర ఒక వాక్యం తనంతట తనే రాసింది: "బరువైన మనిషినైనా ఒక్కరే తిప్పగలరు, చేసి చూశాం." అలాంటి వాక్యం ఆవిడ సర్వీసులో ఎన్నడూ రాయలేదు. డాక్టరమ్మ చదివి, పుండు చితికితే ఆస్పత్రికి రావాలన్న మాట కలపమన్నారు, కలిపాం.

డ్రైవరు వచ్చినప్పుడు చిట్టి సైటు చూపించి ఊరుకోలేదు. పహిల్వాన్‌ని పిలిచి మళ్ళీ పడుకోబెట్టింది. ఈసారి దుప్పటి కొస డ్రైవరు చేతికిచ్చింది. వదిన పక్కన నిలబడి "చేతులతో లాగకండి బాబూ, ఒళ్ళు వెనక్కి వాల్చండి" అని చెప్పింది. కొన్నాళ్ళకి అతను ఫోన్ చేశాడు. కమిలిన చోట నెమ్మదిగా తగ్గుతోందట. కానీ తిప్పేటప్పుడు వాళ్ళమ్మ తిడుతోందట.

"తిట్టనివ్వండి, ఓపిక ఉన్నట్టు" అంది వదిన.

చిట్టి ఇల్లు మారింది. ఆదివారం సామాను మోయడానికి నేనూ పహిల్వానూ వెళ్ళాం. రెండు గదుల ఇల్లు, ముందు గది గోడలకి పచ్చి మామిడికాయ రంగు. వదిన గుమ్మంలోనే ఆగి, ఆ రంగు చూసి, ఏదో అనబోయి మింగేసింది. ఆ మింగిన మాటకి బదులు వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ సర్దింది. చిట్టి అవన్నీ తీసి తనకి నచ్చినట్టు మళ్ళీ సర్దుకుంది. వదిన చూస్తూ ఊరుకుంది గానీ, పంచదార డబ్బా మాత్రం రెండుసార్లు చోటు మార్చింది.

మధ్యాహ్నం టీ తాగాక "ఒక్క నిమిషం నడుం వాలుస్తాను" అని వదిన కొత్త మంచం మీద ఒరిగింది. మేం గిన్నెలు కడిగి, పుస్తకాలు పేర్చి, ఖాళీ పెట్టెలు బయట పెట్టేసరికి సన్నగా గురక వినిపిస్తోంది. అంతలో అన్నయ్య ఫోన్ చేశాడు, వదిన ఎప్పుడొస్తుందని.

చిట్టి గొంతు తగ్గించి, "పడుకుంది అన్నయ్యా. లేపను. షాపు మూసేసి నువ్వే ఇటు రా. రాత్రికి నా వంట. వంకలు పెట్టకూడదు" అంది. ఫోన్ పెట్టేసి, నన్నూ పహిల్వాన్‌నీ చూసి, బియ్యం ఎంత పోయాలా అని లెక్కేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.