జారిన కుట్లు

నర్సింహులు గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా ఆపరేటర్. జూన్‌లో ఒకరోజు ట్రాలీ మీది నుంచి పౌడరు డ్రమ్ము జారి అతని కుడిచేతిని గోడకు అదిమేసింది. నాలుగు వేళ్లు విరిగాయి. ఎముకల్లో తీగలు వేశారు, తీశారు, కట్టు విప్పారు. ఎముకలు అతికాయి గానీ వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. సంగారెడ్డి ఆస్పత్రిలో ఫిజియోథెరపీ డాక్టరు మెత్తటి బంతి ఒకటి చేతిలో పెట్టి, రోజుకు వందసార్లు పిసకమన్నాడు. నర్సింహులు రెండు రోజులు పిసికి, మూడో రోజు దాన్ని మంచం కిందికి తన్నేశాడు.

ఆ సంగతి విని వెనక వీధి దయావతి టీచరు నవ్వింది. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అరవై మూడేళ్లు. ప్రతి చలికాలం చర్చి తరఫున ముసలివాళ్లకు స్వెట్టర్లు అల్లి పంచుతుంది.

"బంతి పిసికితే ఏమొస్తది నర్సింహులూ? నా దగ్గరికి రా. మఫ్లర్ అల్లేది నేర్పిస్త. వేళ్లకు పనైతది, మెడకు మఫ్లర్ అయితది" అంది.

అట్లా దసరా అయిపోయిన వారంలో, యాభై ఒకటో ఏట, నర్సింహులు సూదులు పట్టుకున్నాడు.

అతని భార్య పుష్పమ్మ మొదట సంతోషించింది. ఆమె కంది దగ్గర పెద్ద క్యాంపస్ మెస్సులో చపాతీల పిండి కలిపే పని చేస్తుంది. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కితే మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరుతుంది. నాలుగు నెలలుగా ఆమె తిరిగి వచ్చేసరికి భర్త గోడకేసి తిరిగి పడుకుని ఉండేవాడు. అడిగితే "ఏం లేదు" అనేవాడు. ఇప్పుడు లేచి కూర్చుంటున్నాడు, అదే పదివేలు అనుకుంది.

కానీ అతను లేచి కూర్చోవడమే కాదు, గడ్డం గీసుకుంటున్నాడు. పది గంటలకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని టీచరు ఇంటికి వెళ్తున్నాడు. ఒకోసారి మూడింటికి ఆమె వచ్చినా అతను ఇంకా రాడు. వచ్చాక నోరు మూత పడదు.

"టీచరమ్మ ముప్పై కుట్లు ఎక్కిచ్చింది పుష్పా. మొదటి వరుసకే గంట పట్టింది. సూదులను బల్లెం లెక్క పట్టినవేందిరా అని నవ్వింది."

"టీచరమ్మ చాయ్‌ల అల్లం ఏస్తది, శక్కర తక్కువ. ఎంత మంచిగుంటదో."

ఆ చాయ్ మాట పుష్పమ్మకు గొంతులో ముల్లులా దిగింది. పాతికేళ్లుగా ఆమె చేసే చాయ్‌లో చక్కెర తక్కువైతే గ్లాసు పక్కన పెట్టేసిన మనిషి.

టీచరు మొగుడు సుందర్‌రాజు కూడా అదే వరండాలో పేపరు చదువుతూ ఉంటాడని ఆమెకు తెలుసు. అనుమానపడే వయసులు కావని కూడా తెలుసు. మరి ఎందుకు మండుతోందో ఆమెకే అంతుపట్టలేదు. పిండి పిసుకుతూ పిసుకుతూ ఆ మండేదాన్ని కూడా పిసికేది. ఇంటికొచ్చి, మూలన సంచిలోంచి తొంగిచూసే నీలం ఊలును చూస్తే మళ్లీ రాజుకునేది.

దీపావళికి క్యాంపస్‌లో చదివే పిల్లలందరూ ఊళ్లకు పోవడంతో మెస్సు పని జల్దీ అయిపోయింది. పదకొండింటికే పుష్పమ్మ ఇల్లు చేరింది. తాళం వేసి ఉంది. తాళంచెవి కోసం టీచరు ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర మందార చెట్టు అడ్డం. అవతల వరండాలో భర్త గొంతు వినబడి, ఎందుకో ఆగింది.

"మిషన్ సప్పుడుల ఎవలకు ఇనపడలే టీచరమ్మా. పది నిమిషాలు చెయ్యి గట్లనే ఇరికి ఉన్నది. ఆ చెయ్యి నాది కాదనిపిచ్చింది. అమ్మా అని మొత్తుకున్న. మా అమ్మ పోయి పన్నెండేండ్లాయె. యాభై ఏండ్లోన్ని, చిన్నపోరని లెక్క అమ్మను పిలిచిన. ఇప్పటికీ కండ్లు మూస్తే ఆ డ్రమ్మే వస్తది."

సూదుల టకటక ఆగలేదు. టీచరు "ఊ" అంది. అంతే.

పుష్పమ్మ తాళంచెవి అడగకుండానే వెనక్కి వచ్చి గడప మీద కూర్చుంది. ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులు ఆ మంచం పక్కన నేల మీద పడుకున్నది తను. అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది తను. లుంగీ ముడి వేసింది తను. ఎట్లా జరిగిందని ఎన్నిసార్లు అడిగినా "జెర తగిలింది, ఇడిసిపెట్టు" అన్నాడు. ఆ మాట, ఆ ఒక్క మాట, రెండు వారాల కింద పరిచయమైన వరండాకు దక్కింది.

మర్నాడు పొద్దున అతను స్నానానికి వెళ్లగానే ఆమె సంచి తెరిచింది. సూది మీద కుట్లు వరసగా కూర్చుని ఉన్నాయి. మొన వైపు నుంచి మూడింటిని వేలితో తోసి, కింద అల్లికను గుంజింది. అవి సరసరా కిందికి జారి, నిచ్చెన మెట్లలా దారాలు బయటపడ్డాయి. సంచి మూసి, చెప్పులేసుకుని ఆటో ఎక్కింది. తప్పని తెలుసు. అయినా హాయిగా ఉంది.

ఆ మధ్యాహ్నం అతను చిన్నబోయి చెప్పాడు. "ఎప్పుడు జారినయో తెలవనే లేదు పుష్పా. తిరిగి ఎక్కిద్దామంటే వేళ్లు ఒంగలే."

"పోనీ తియ్, ఆ పని ఆడోళ్లది" అంది ఆమె.

మర్నాడు మళ్లీ జార్చింది. ఆ మర్నాడు కూడా. నాలుగో రోజూ కుట్లు జారి ఉండేసరికి నర్సింహులు టీచరు ఇంటి నుంచి పన్నెండింటికే వచ్చేశాడు. పుష్పమ్మ ఇల్లు చేరేసరికి సంచి బియ్యం డబ్బా వెనక పడి ఉంది. అతను గోడకేసి తిరిగి పడుకున్నాడు.

"నా వేళ్లకు స్పర్శ లేదు పుష్పా. కుట్టు ఉన్నదో జారిందో కూడా తెలుస్తలేదు. ఇగ ఈ చెయ్యి గింతే."

అప్పుడే చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ రోజు అతను ఆమె చేసిన చాయ్ మొత్తం తాగాడు. ఇంట్లోనే ఉన్నాడు. మాట ఇక్కడే, ఆమెతోనే అన్నాడు. రేపు చెప్తా అనుకుంది. ఆ రేపు పదిసార్లు వచ్చి పోయింది.

పదకొండో రోజు ఆస్పత్రిలో చూపించుకునే రోజు. డాక్టరు వేళ్లు ఒక్కొక్కటి వంచి చూశాడు. పోయినసారి అరచేతిని తాకిన వేలు ఇప్పుడు సగంలోనే ఆగిపోయింది.

"మంచిగ వస్తుండె కద! ఎందుకు ఆపినవ్? ఇట్లనే బిగుసుకపోతే నేనేం చెయ్యలేను. కంపెనీకి ఫిట్ అని ఎట్ల రాసియ్యాలె?"

నర్సింహులు తల వంచుకుని "నాతోటి అయితలేదు సార్" అన్నాడు. బడిలో లెక్క రాని పిల్లవాడు పలకను చూసినట్టు తన చేతిని చూసుకున్నాడు. పుష్పమ్మకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

ఇంటికి రాగానే ఆమె నేరుగా టీచరు దగ్గరికి వెళ్లింది. నిలబడే చెప్పింది, "కుట్లు జార్చింది నేనే టీచరమ్మా."

దయావతి చేతిలోని సూదులు ఒళ్లో పెట్టుకుంది. "నాకు ఎర్కే."

పుష్పమ్మ అప్పుడు తలెత్తి ఆమెను చూసింది.

"ఇంటికి పోయేటప్పుడు జారినయి మళ్లీ ఎక్కిచ్చి, లెక్కపెట్టే పంపేదాన్ని. ముప్పై. తెల్లారి తెచ్చేసరికి ఇరవై ఏడు. చెయ్యి తప్పితే ఒకరోజు నడుమ జారుతది, ఒకరోజు కొసకు. రోజూ మొన దిక్కే, రోజూ మూడే జారితే అది చెయ్యి తప్పుడు కాదు. ఇంట్ల ఉన్నది మీరిద్దరే."

"మరి ఆయనకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె, నీ పెండ్లాం గిట్ల చేస్తుందనా? నువ్వే వస్తవని చూసిన. కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. ఆ కోపంల నేను కూడా పది రోజులు ఊకున్న. అది నా తప్పు." ఒళ్లోని సూదులు పక్కన పెట్టి, "నా మీద గంత మంట ఎందుకమ్మా?" అని అడిగింది.

"నాకు చెప్పని ముచ్చట మీకు చెప్పిండు" అంది పుష్పమ్మ. చెప్పేసరికి ఏడుపు వచ్చేసింది.

పేపరు వెనక నుంచి సుందర్‌రాజు అన్నాడు. "మాకు చెప్పుడు కాదమ్మా అది. చేతులు పనిల ఉంటే నోరు దానంతట అదే మాట్లాడతది. నేను ఆడనే కూసున్న, నా దిక్కు కూడా సూడలే."

"ఆయనకు మాత్రం నేను చెప్ప. నువ్వే చెప్పుకోవాలె" అంది దయావతి.

చెప్పింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, అటు తిరిగే చెప్పింది. నర్సింహులు విన్నాడు. పెట్టింది తిన్నాడు. ఆ రోజు మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. తిడితే బాగుండనిపించింది ఆమెకు. మూడో రోజు ఆదివారం, ఆమె గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు.

"నా చెయ్యి సచ్చిపోయిందనుకున్న పుష్పా. పది రోజులు. ఇగ ఎందుకు బతుకుడు అని కూడా అనుకున్న. నీకది తెలుసా?"

ఆమె గిన్నె కింద పెట్టింది. "తెల్వదు" అంది. "నువ్వు చెప్తే గద తెలిసేది. ఆమెకు చెప్పినవ్. పద్దెనిమిది రోజులు నీ పక్కన పండుకున్న నాకెందుకు చెప్పలే?"

"నీ మొఖం సూసి ఎట్ల చెప్పాలె? నేను మూలిగితేనే నువ్వు అన్నం మానేస్తివి. అమ్మా అని ఏడ్సిన అంటే నువ్వేమైతవో అని."

"ఏమైత? ఏడుస్త. ఏడ్వనియ్యరాదూ?"

అతను పీట కాస్త వెనక్కి జరుపుకున్నాడు. కోపం పోలేదని ఆమెకు అర్థమవుతూనే ఉంది. చివరికి లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి సంచి తెచ్చి ఆమె తడిచేతుల ముందు పెట్టాడు.

"జార్పినవ్ గద. నువ్వే ఎక్కియ్."

ఆమెకు సూది ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియదు. సాయంత్రం ఇద్దరూ కలిసి టీచరు వరండాకు వెళ్లారు. దయావతి కొక్కెం సూది ఒకటి ఇచ్చి, జారిన కుట్టులోకి దూర్చి పైదారాన్ని ఎట్లా లాగాలో చూపించింది. ఆమె చేస్తే రెండు నిమిషాల పని. పుష్పమ్మకు దారం చిక్కలేదు. చిక్కితే చీలింది. ఒక మెట్టు ఎక్కితే రెండు మెట్లు జారింది. రోజూ యాభై కిలోల పిండి కలిపే చేతులు ఆ సన్నని ఉచ్చు ముందు మొద్దుబారిపోయాయి. చెమట పట్టింది. మొదటి కుట్టు పైకి చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి.

"ఒక్కటి ఎక్కిచ్చేటందుకు గింత యాతనా!" అంది.

"నేను విరిగిన వేళ్లతోటి అల్లిన" అన్నాడు నర్సింహులు. గొంతులో కోపం ఉంది గానీ, చెయ్యి చాచి ఆమె సూదిని సరైన వాలుకు తిప్పాడు. "గట్ల కాదు, గిట్ల వంచు. పోటు పొడిచినట్లు పొడవకు."

ఆ తర్వాత నుంచి మధ్యాహ్నం మూడింటికి ఆమె నేరుగా ఆ వరండాకే వచ్చేది. ఆమెకు కూడా ఒక జత సూదులు, మిగిలిన ఎర్ర ఊలు ఇచ్చింది దయావతి. పుష్పమ్మ అల్లిక ఒక చోట బిగుతు, ఒక చోట వదులు. "నీకన్న నర్సింహులే నయం" అని టీచరు అంటే ఆమెకు సుర్రుమనేది. ఒకసారి వాళ్లిద్దరూ ఏదో మాటకు పగలబడి నవ్వుతుంటే పుష్పమ్మ సూదులు పక్కన పెట్టేసింది.

"నాకు మండుతున్నది" అంది సూటిగా.

నర్సింహులు నవ్వు ఆపి ఆమెను చూశాడు. "మంచిగైంది, చెప్పినవ్" అన్నాడు. ఆ మంట ఆ రోజు పోలేదు. చెప్పాక మాత్రం సంచి దాకా వెళ్లలేదు.

డిసెంబరు చివర, చలికి ఊరంతా వణుకుతున్న ఒక సాయంత్రం, టీచరు, సుందర్‌రాజు చర్చికి వెళ్లారు. వరండాలో వాళ్లిద్దరే. నర్సింహులు మఫ్లర్ చివరి జానెడు అల్లుతూ, తల ఎత్తకుండా మొదలుపెట్టాడు. "ఆ పొద్దు ఏమైందంటే పుష్పా, ట్రాలీ చక్రం ఒకటి ముందుగాల్నే ఒంకరున్నది…"

ఆమె ఏడ్చింది. అతను ఆపలేదు. అమ్మను పిలిచిన చోటుకు వచ్చేసరికి అతనూ ఏడ్చాడు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వినడానికి ఇంత బలం కావాలని ఆమెకు తెలియదు.

ఫిబ్రవరిలో డాక్టరు ఫిట్ అని రాశాడు, బరువులు ఎత్తొద్దని కూడా రాసి కింద గీత గీశాడు. కంపెనీలో అతన్ని లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర కూర్చోబెట్టారు. మొదటిరోజు పొద్దున అతను బండి తీస్తుంటే పుష్పమ్మ ఆటో కోసం గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కు. కంది దాకా దించి పోత" అన్నాడు.

"నీకు చుట్టుదారి అయితది."

"అయితే కానీ."

ఆమె ఎక్కింది. అతని కుడిచెయ్యి బ్రేకు మీద కాస్త ఆలస్యంగా ముడుచుకుంది, కానీ ముడుచుకుంది. హైవే ఎక్కేదాకా ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.