అటక మీది ఒడిబియ్యం

సీతాఫలం గుజ్జులోంచి గింజలు తీయడం తెమిలే పని కాదు. రెండు వేళ్ల మధ్య తొనను నొక్కితే నల్లటి గింజ జారి పక్క గిన్నెలో పడుతుంది, గుజ్జు సగం వేళ్లకే అంటుకుంటుంది. పోలండు నుంచి వచ్చిన భార్యాభర్తలకు మన ఎండా, మన పళ్లూ ఇదే మొదలు. నిన్న ఆయన గింజ కొరికి మొహం చిట్లించాడట. "గింజ పంటి కింద పడొద్దు లతా. కప్పుల ఏసి చెంచా పెట్టు" అని చెప్పి వెళ్లాడు మొగుడు మురళీకృష్ణ. తన కోసం ఇలా గింజలు తీసి పెట్టింది అమ్మ ఒక్కతే అనుకుంది నాగలత. ఆ తలపును కూడా గింజతో పాటు గిన్నెలోకి తోసేసింది.

భద్రాచలం దారిలో, మామిడితోట మధ్య రెండు గదులు వేసి గెస్టుహౌసు మొదలుపెట్టారు. బోర్డు మీద అతని పేరుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఏమేం చూపించాలో అతనికి తెలుసు. రామయ్య గుడి, పర్ణశాల, కిన్నెరసాని జింకలు, అడవిలో ఇప్పచెట్లు, గోదావరి మీద పడవ. నాగలతకు ఇవన్నీ క్యారియర్లుగా తెలుసు. కిన్నెరసాని అంటే పులిహోర, పర్ణశాల అంటే చపాతీలు, పడవ అంటే అడ్డాకులో చుట్టిన పెరుగన్నం. "మా ఆవిడకు వంటిల్లే లోకం" అని అతను ప్రతి అతిథికీ నవ్వుతూ చెబుతాడు. వాళ్లూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది, చేతులు తుడుచుకుంటూ.

పోలండు ఆవిడ మార్తా తన ఎంగిలి పళ్లెం తానే పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. వద్దంటున్నా కడిగి బోర్లించింది. తర్వాత పీట లాక్కుని పక్కన కూర్చుని తనూ గింజలు తీయడం మొదలుపెట్టింది. ఈ ఇంటికి వచ్చినవాళ్లలో నాగలత పక్కన కింద కూర్చున్నది ఆమె ఒక్కతే. కాసేపటికి చేయి తుడుచుకుని ఫోన్ చూపించింది. "ఇక్కడ తాటిచెట్లు నీళ్లలోనే పెరుగుతాయట కదా, మురళి చెప్పారు. మా దేశంలో ఎవరూ నమ్మరు" అంది మెల్లటి ఇంగ్లీషులో. ఇంటర్ చదువూ, ఇన్నేళ్లుగా కిటికీలోంచి విన్న మాటలూ కలిసి నాగలతకు అంతా అర్థమైంది. ఫొటోలో ఆకాశం రంగు నీళ్లు. నీళ్లలో మూడు తాటి మొద్దులు, మట్టలన్నీ రాలిపోయి. నడిమి చెట్టు నడుము దగ్గర వంగి, మళ్లీ నిటారుగా లేచింది. ఆ వంపు కిందే కూర్చుని నాగలత చిన్నప్పుడు జడ వేయించుకునేది. అది అమ్మగారింటి పెరడు.

గోదారి ఏటా ఇంట్లోకి వచ్చేది, పోయేది. సామానంతా అటకెక్కించి, ఊరంతా గుట్ట మీద నాలుగు రోజులుండి, నీళ్లు తీశాక దిగి బురద కడుక్కుని పొయ్యి వెలిగించేవాళ్లు. ప్రాజెక్టు నీళ్లొచ్చినప్పుడు అమ్మ అదే చేసింది. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింట్లో పీట మీద కూర్చోబెట్టి కొంగులో పోసే ఒడిబియ్యం, నాగలతకు పోయాల్సిన ఏడు అది. బియ్యానికి పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పెట్టి ఇత్తడి బిందె మూతికి గుడ్డతో వాసెన కట్టి అటక మీద పెట్టి వెళ్లింది. "నీళ్లు తీసినంక బిడ్డను పిలుస్తా" అంది. ఆ నీళ్లు తీయలేదు. సర్కారు కాలనీలో సిమెంటు ఇల్లిచ్చారు. కొత్త బియ్యం కలుపుదామే అని నాగలత ఎన్నిసార్లన్నా అమ్మ ఒప్పుకోలేదు. "గీ ఇండ్లకు గడపే పెట్టలే. గడప లేని ఇంట్ల ఆడబిడ్డ ఒడి నింపుతరా? జర ఆగు బిడ్డా, నీళ్లు తీస్తయ్" అనేది. అలా అంటూనే అమ్మ నిరుడు పోయింది. దినం అయిన మర్నాడే మురళీకృష్ణ ఫోన్ చేశాడు, గెస్టులు దిగుతున్నరు రమ్మని. అత్త పున్నమ్మ ఇప్పటికీ పేరంటాల్లో పదిమంది ముందూ అంటుంది, "మా కోడలికి అమ్మగారింటి నుంచి గుప్పెడు ఒడిబియ్యం దిక్కు లేకపాయె" అని. ఒక్కసారి ఆ పడవలో మా ఊరి దిక్కు తీస్కపోండి అని నాగలత మొగుణ్ణి ఎన్నోసార్లు అడిగింది. "ఏముందక్కడ సూడనీకె? నీళ్లేగా" అనేవాడు.

ఇప్పుడు వరండాలోంచి అతని గొంతు వినిపిస్తోంది. మార్తా భర్తతో ఇంగ్లీషులో చెబుతున్నాడు. "రేపు పొద్దున మళ్లీ ఆ తాటిచెట్ల దగ్గరికే వెళదాం. మీరు తప్పకుండా చూడాల్సింది అదే."

నాగలత వేళ్ల మధ్య గింజ అలాగే ఉండిపోయింది.

తెల్లారి జీపు దగ్గరికి ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"ఏంది, ఎటు?" అన్నాడు మురళీకృష్ణ.

"పడవకు."

"మరి వంట?"

"అన్నం వండిన. సీతాఫలాలు బల్ల మీద ఉన్నయ్. ఎవరి గింజలు వాళ్లు తీసుకుంటరు."

పున్నమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "మునిగిన ఊరికి పోయి ఏం జేస్తవే? ఆడ నీకు పీటేసేటోళ్లెవరు?"

మార్తాకు మాటలు అర్థం కాలేదు కానీ పక్కకు జరిగి చోటిచ్చింది. పరాయివాళ్ల ముందు మురళీకృష్ణ ఏమీ అనలేక జీపు తీశాడు.

పడవ నడిపే పిచ్చయ్యది నాగలత ఊరే. ఆమెను చూసి, చేయందించి పడవెక్కించాడు. దారి పొడుగునా మురళీకృష్ణ కొంగలను, కొండలను చూపిస్తూనే ఉన్నాడు. మూడు మొద్దులు దగ్గరపడగానే, ఎవరూ చెప్పకుండానే పిచ్చయ్య ఇంజన్ ఆపేశాడు.

"అమ్మా, మీ ఇంటి మీదికొచ్చినం" అన్నాడు.

నీళ్లు పడవను మెల్లగా తట్టాయి. గడప ఎటు వైపో, పొయ్యి ఎక్కడో ఆమెకు ఆనవాలు దొరకలేదు. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. అటక ఇంకా నిలిచి ఉంటుందా? వాసెన ఊడి ఉంటుందా? పసుపు నీళ్లలో ఎంత దూరం పోయి ఉంటుంది?

"నువ్వు పడవలో ఇక్కడికి రావడం ఇదే మొదటిసారా?" అంది మార్తా.

మొగుడి ముందు ఏనాడూ పలకని ఇంగ్లీషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ నాగలత చెప్పింది. "అవును. చెట్లు నీళ్లలో పెరగలేదు. ఇది మా పెరడు."

మురళీకృష్ణ మొద్దుల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. మార్తా చేతిలోని ఫోన్ ఒడిలోకి దించేసింది.

పిచ్చయ్య లేచి, తాను కూర్చున్న చెక్కను తువ్వాలతో తుడిచి పడవ అంచున పీటలా వేశాడు. నాగలత దాని మీద కూర్చుంది. నెత్తిన కొంగు తీసి రెండు చేతులా పరిచి, నీళ్ల మీదికి వంగి ఒడి పట్టింది.

"చీర తడుస్తది లతా, ఏందది?" అన్నాడు మురళీకృష్ణ.

"జర ఆగండి" అంది ఆమె, తల ఎత్తకుండా. "మా అమ్మ ఒడిబియ్యం పోస్తాంది."