తీపి కింద పులుపు

నా ఎడమ చేతికి పట్టుండదు. అందుకే తడి చీరను కుళాయికి చుట్టి, కుడి చేత్తో మెలితిప్పి పిండుతాను. పెళ్లయినప్పటి నుంచీ అరుగు మీద కూర్చుని అది చూస్తూ వచ్చిన మా అత్త అచ్చియ్యమ్మ, నాకు నెల తప్పిందని తెలిసిన వారంలోనే బకెట్ లాక్కుంది. "నువ్వు కూకో, నాను పిండుతాను." సంతోషించాల్సింది పోయి నాకు భయమేసింది. ఈ ఇంట్లో నాకేదీ ఊరికే రాలేదు.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో కాలేజీ బస్సు దిగుతూ మూతి వంకరపోయి పడిపోయాను. పక్షవాతం. మాట, నడక తిరిగొచ్చాయి, చెయ్యి సగమే వచ్చింది. రావికమతం దగ్గర మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇప్పుడు చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పెళ్లిచూపుల్లో చెయ్యి దాచలేదు. జీతం వస్తంది కదా, చెయ్యి మొద్దయితే ఏటి అన్నారు. మొన్న అనకాపల్లిలో డాక్టరమ్మ నన్నూ, నా భర్త సత్తిబాబునూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు నెత్తురు గడ్డకట్టే గుణం పెరుగుతుందట. ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లకి ప్రమాదం ఎక్కువట. నెత్తురు గడ్డకట్టకుండా రోజూ వేసుకునే చిన్న మాత్రను తను చెప్పేవరకూ మానొద్దంది. ఆయన తలూపాడు.

నీళ్లలో కరిగే మాత్ర అది. పుల్లగా ఉంటుంది. వేవిళ్లలో కడుపులో నిలవడం లేదని అత్త దాన్ని బెల్లం నీళ్లలో కలిపి ఇవ్వసాగింది. మొదట్లో తీపి కింద పులుపు తగిలేది. తర్వాత ఒట్టి తీపే. ఆ మాట ఆయనతో అంటే నవ్వాడు. అప్పుడు జబ్బు తలకే కదా వచ్చింది, ఈ అనుమానాలు దానివే అన్నాడు. ఆ మాటతో నన్ను నేనే అనుమానించుకున్నాను. బోర్డు ముందు నిలబడి ఉండగా ఎడమ వేళ్లు తిమ్మిరెక్కితే, అదీ నా ఊహేనేమో అనుకుని పిల్లల చేత ఎక్కాలు చదివించాను. ఇంట్లో అందరూ ప్రేమగా ఉన్నప్పుడు అనుమానించే మనిషే చెడ్డదవుతుంది.

ఈ ఉదయం ఆయన స్నానానికి వెళ్లగానే, బెల్లం వద్దు, నా కళ్ల ముందే ఉత్త నీళ్లలో మాత్ర వెయ్యమని అత్తనడిగాను. ఆవిడ స్నానాల గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"మందు పడితే కడుపు జారిపోద్దని ఎవరో సెప్పేరంట. సత్తిబాబే ఆపీమన్నాడు. బిడ్డ నిలవాలి గదమ్మా."

"మరి నేను నిలవక్కర్లేదా అత్తా?"

ఇన్నాళ్లూ ఆవిణ్ణే అనుమానించాను. డాక్టరమ్మ ముందు నా పక్కన కూర్చుని తలూపిన మనిషి మీదికి నా మనసు పోనేలేదు.

స్కూలుకి సెలవు చెప్పి, ఆసుపత్రికి వెళ్తానన్నాను. ఆయన కాదనకుండా బండి తీశాడు. దారంతా, డాక్టరుతో నాను మాట్లాడతానులే, నువ్వు గాభరా పడతావు అంటూనే ఉన్నాడు.

లోపల డాక్టరమ్మ అలవాటుగా ఆయన వైపే చూసి, మాత్ర రోజూ వేసుకుంటోందా అని అడిగింది.

"వేస్తన్నాదండి, మా అమ్మే దగ్గరుండి..."

"లేదు మేడం. వీళ్లే ఆపేశారు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నేను మీతో మాట్లాడాలి, ఈయన్ని బయట కూర్చోమనండి."