ఉప్పుకొట్టు గోడలో నేను

నేను ఒక పచ్చి ఇటుకను. బట్టీ ముఖం చూడనిదాన్ని. కాలి ఎర్రబడిన నా దాయాదులు దీన్నొక లోటుగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. వాళ్లలో నా ఈడువాళ్లు ఎందరు నిలబడి ఉన్నారో నేను అడగను.

వాగు ఒడ్డున బంకమట్టిలో వరిగడ్డి కలిపి తొక్కి, అచ్చులో వేసి నన్ను ఎండబెట్టారు. అడవి మొదలయ్యే చోట పున్నయ్య శెట్టి కట్టించిన ఉప్పుకొట్టుకు, వానజల్లు కొట్టే వైపు గోడలో పెట్టారు. కొండల మీది కోయవాళ్లు చింతపండు, తేనె, కుంకుడుకాయలు తెచ్చి ఇక్కడ ఉప్పు, గుడ్డలు తీసుకువెళ్లేవారు. ఆ కొట్టు దాటితే ఇక దుకాణమన్నది లేదు.

శెట్టి పిసినారి. పచ్చి గోడకు ఏటా వానలకు ముందు మట్టి పూత పడాలి. కూలి ఇవ్వడానికి ఆయనకు చేతులు రావు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. వేసవి చివర ఉప్పుకు వచ్చినవాళ్లు గోడకు ఒక మట్టి ముద్ద కొట్టాలి, కొట్టినవాళ్లకు పిడికెడు ఉప్పు కొసరు. కూలి లేకుండా పని అయిందని శెట్టి మురిసిపోయేవాడు. ఊరికే ఉప్పు వచ్చిందని వాళ్లు నవ్వుకుంటూ కొండ ఎక్కేవారు. ఇరువైపులా ఎదుటివాళ్లను బోల్తా కొట్టించామనుకున్న బేరం అన్నేళ్లు నడవడం నేను మరెక్కడా చూడలేదు. చూడడానికి నేను ఎక్కడికీ కదిలిందీ లేదనుకోండి.

రోడ్లు వచ్చాయి, కొట్టు మూతబడింది, చివరికి పూత వేయించి మ్యూజియం చేశారు. దాన్ని చూసుకోవడానికి సుగుణ వచ్చింది. మంచి పిల్ల, ఈ గోడలంటే ప్రాణం. ఆ ప్రేమతోనే గోడ ముందు తాడు కట్టి, తాకరాదని బోర్డు పెట్టింది. వానలకు పూత కరిగి నేను బయటపడ్డాను. నా అంచులు రాలిపోసాగాయి. కొత్త పూతకు సుగుణ అనుమతి అడిగితే పైనుంచి జవాబు లేదు. ఈ వానాకాలం గోడ ఆగకపోతే కట్టడమంతా పడగొట్టాల్సిందేనని ఇంజనీరు చెప్పి వెళ్లాడు. ఆ పిల్ల నా ఎదుట కూర్చుని ఏడ్చింది. నేనూ భయపడ్డాను. ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం మడకం జోగమ్మ అనే ముసలావిడ టికెట్టు కొనుక్కుని చూడవచ్చింది. చిన్నప్పుడు తల్లితో ఇక్కడికి ఉప్పుకు వచ్చిన మనిషి. నన్ను చూసి ఆగింది. వాగుకు వెళ్లి దోసిట్లో మట్టి తెచ్చి, తాడు దాటి, నా ముఖాన ఒక ముద్ద కొట్టింది.

సుగుణ పరుగెత్తుకు వచ్చింది. “అమ్మా, ముట్టుకోకూడదు. బోర్డు పెట్టాం కదా.”

“ముట్టుకోకపోతే గోడ ఎట్టా బతుకుద్ది బిడ్డా?” అని జోగమ్మ చెంగు పట్టింది. “ముద్ద కొట్టినా. నా ఉప్పేది?”

సుగుణ ఆ చెంగును చూసింది, మబ్బును చూసింది. అనుమతి లేకుండా గోడ ముట్టుకుంటే ఉద్యోగానికి ఎసరు. అయినా లోపలికి వెళ్లి, తను వండుకునే ఉప్పులోంచి పిడికెడు తెచ్చి చెంగులో పోసింది. తరువాత తాడు విప్పేసింది.

“మీవాళ్లందర్నీ రమ్మనండమ్మా. పైవాళ్ల సంగతి నేను చూసుకుంటాను.”

సంతనాడు కొండంతా దిగివచ్చింది. చూడవచ్చిన పట్నంవాళ్లు కూడా చొక్కా చేతులు మడిచారు. ఆ ఏడాది వానలు దంచికొట్టాయి, గోడ నిలిచింది. సంజాయిషీ అడుగుతూ కాగితం వస్తే, వచ్చి గోడను చూసుకొమ్మని సుగుణ జవాబు రాసింది. వచ్చారు, చూశారు, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు.

ఇప్పుడు వేసవి చివర వచ్చేవాళ్లకు టికెట్టుతో మట్టి ముద్ద, వెళ్లేటప్పుడు ఉప్పు పొట్లం. కూలి లేకుండా పని అయిందని సుగుణ మురిపెం, ఊరికే ఉప్పు వచ్చిందని వాళ్ల నవ్వు. మీరూ రండి. నన్ను వెతకకండి, పూత కింద ఉన్నాను, కనబడను. ఎప్పుడైనా కనబడ్డానంటే మాత్రం ఆలస్యం చేయకండి. వాగు పక్కనే ఉంది.