నాలుగు వందల పన్నెండు చోట్ల

“సార్ పేరు రాసి, పక్కన సంతకం పెట్టండి మేడమ్” అన్నాడు పార్సిల్ తెచ్చినతను. ఆమె తడి చేతులు టవలుకు తుడుచుకుని భర్త పేరు రాసింది, భర్త సంతకమే పెట్టింది. ఆరేళ్లలో ఆ సంతకానికి చెయ్యి ఎంత తిరిగిందంటే, ఆయన చూసినా తనే పెట్టాననుకుంటాడు. గ్యాసు ఆయన పేరు మీద, కరెంటు ఆయన పేరు మీద, చివరికి ఇస్త్రీ బట్టల చీటీ కూడా ఆయన పేరు మీదే. ఆమె పేరు మీద ఉన్నదల్లా పళ్ల డాక్టరు దగ్గర ఒక ఫైలు. పార్సిల్ విప్పితే వాక్యూమ్ క్లీనర్ సంచులు. ఆ క్లీనర్ పట్టుకుని ఇల్లంతా తిరిగేదెవరో వేరే చెప్పాలా?

కూర సన్నమంట మీద వదిలి కంప్యూటర్ దగ్గరకు వెళ్లింది. అది కూడా ఆయనదే. కొత్తది కొనుక్కున్నాక పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్. బ్యాటరీ పోయింది, ప్లగ్గులో ఉంటేనే నడుస్తుంది. మూత వెనక్కి పడిపోతుంటే లావుపాటి నిఘంటువొకటి ఆనించి వాడుతోంది. లోపలి ఖాతా కూడా ఆయన పేరుతోనే ఉంది. మార్చాలని ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు.

ఆ పెట్టె మీద నాలుగు నెలలుగా ఆమె ఒక పని చేస్తోంది. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేసి, అందరూ ఉచితంగా వాడుకోమని వదిలిన ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది. అందులో చేర్చడానికి ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష కంపైలర్‌ని ప్యాకేజీగా కడుతోంది. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. దాన్ని ఏ ముక్కకు ఆ ముక్క విప్పి చూసి, చిరుగులు కుట్టి, ఎవరైనా ఒక్క కమాండుతో తమ కంప్యూటర్లోకి దించుకునేలా సర్దిపెట్టాలి. అంతకు ముందు చూసుకునేవాడు చెప్పాపెట్టకుండా వదిలేసి పోతే, ఆ ప్యాకేజీ రెండేళ్లు దిక్కులేకుండా పడి ఉంది. దాని కింద ఒక టీచరమ్మ రాసిన నాలుగు ముక్కలు చదివి ఈమె ముందుకొచ్చింది. “మా బడి పిల్లలకు ఈ భాషతోనే ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నాను. మాకున్నవి పన్నెండు పాత కంప్యూటర్లు, ఇంటర్నెట్ లేదు. ఈ సిస్టమ్ కొత్త డిస్కులో ఇది రాకపోతే మా క్లాసు ఆగిపోయినట్టే.” ఆ డిస్కుకు తలుపులు ఈ రోజే, శనివారం సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. మళ్లీ తెరిచేది రెండేళ్లకే.

“ఊరికే చేసే పనికి ఇంత హైరానా ఏంటి?” అంటాడు భర్త. ఊరికే చేసేవి ఆ ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి. వంట ఊరికే, అంట్లు ఊరికే, అత్తగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం ఊరికే. వాటికి మాత్రం ఆ మాట ఎప్పుడూ రాలేదు. స్నేహితులొస్తే, “మా ఆవిడకి అదో కాలక్షేపంలే” అని నవ్వుతాడు. ఒకప్పుడు ఆమె పనిచేసిన ఆఫీసులో, ఏ ప్రోగ్రామైనా బయటికి వెళ్లాలంటే పద్దెనిమిది మంది ఆమె సరే అనే దాకా కాచుకుని కూర్చునేవారు. అత్తగారి తుంటి ఎముక విరిగినప్పుడు, “ఆర్నెల్లు మానేయ్, తర్వాత చూద్దాం” అన్నాడు. ఆర్నెల్లు ఆరేళ్లయ్యాయి. తర్వాత చూసినవాడు లేడు.

మెయిల్ వచ్చి ఉంది. ప్యాకేజీలను తనిఖీ చేసే ఆవిడ రాసింది. చండశాసనురాలని పేరు, అందరూ ఆవిడను హెడ్‌మాస్టరు అంటారు. ఆ సిస్టమ్‌లో ఒక గట్టి నియమం ఉంది. ఒకే మూల ప్రోగ్రామును వేర్వేరు కంప్యూటర్ల మీద కడితే, బయటికొచ్చేది అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. లేకపోతే మధ్యలో ఎవరు ఏం కలిపారో ఎలా నమ్మడం?

“పని శుభ్రంగా ఉంది. కానీ మీ దగ్గర కట్టినదానికీ నా దగ్గర కట్టినదానికీ పొంతన కుదరలేదు. వెతికి చూస్తే మీ ప్యాకేజీలో నాలుగు వందల పన్నెండు చోట్ల ఒక పెద్దమనిషి పేరుంది. ఎవరండీ ఈయన?”

కింద ఆ పేరు. పొద్దున పార్సిల్ కాగితం మీద రాసిన పేరే.

ఆమెకు ముందు సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఒంటరిగా కూర్చుని, కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. జరిగిందేమిటో క్షణంలో అర్థమైంది. ఏ ఫోల్డర్లో కూర్చుని పని చేస్తే ఆ ఫోల్డర్ చిరునామాను కంపైలర్ తను చేసే ప్రతి ముక్కలోనూ రాసేస్తోంది. ఆ చిరునామాలో ఖాతాదారు పేరుంటుంది. నాలుగు నెలల్లో ఒక్క వరుస రాయని మనిషి కంప్యూటర్ ఖాతా తనదైన పుణ్యానికి నాలుగు వందల పన్నెండు చోట్ల కూర్చున్నాడు.

“టైము లేదు” అని హెడ్‌మాస్టరే ఒక దారి చెప్పింది. “ఇద్దరం ఒకే పేరున్న ఫోల్డర్లో కడదాం. ఈసారికి గట్టెక్కుతుంది.”

ఆమె కాసేపు ఆలోచించింది. అలా చేస్తే దాచినట్టే గానీ తీసినట్టు కాదు. కంపైలర్‌కు ఆ అలవాటు అలాగే ఉంటుంది. రేపు ఇంకో ఇంట్లో, ఇంకొకరు కూర్చుని కడితే, వాళ్ల ఇంటి పెద్ద పేరు ఎక్కుతుంది. “సాయంత్రం దాకా ఉన్నాంగా, సరిగ్గానే చేస్తాను” అని రాసేసి, కూర మంట ఆర్పి వచ్చి కూర్చుంది.

పన్నెండున్నరకు కంపైలర్లో ఆ చిరునామా రాసే చోటు దొరికింది. రెండున్నరకు దాన్ని సరిచేసే పదకొండు వరుసలు పూర్తయ్యాయి. మూడుంబావుకు మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. రెండు గంటల పది నిమిషాలు పడుతుంది. ఫ్యాను హోరెత్తింది.

నాలుగింటికి భర్త వచ్చి వెనక నిలబడ్డాడు. ఆయన కొత్త కంప్యూటర్ గురువారం నుంచి రిపేరు షాపులో ఉంది.

“అది ఆపి ఇలా ఇవ్వు. ఆఫీసు వాళ్లకి కాగితాలు పంపాలి.”

“ఆరు తర్వాత తీసుకోండి.”

“నా కంప్యూటర్ నాకిమ్మని నిన్ను బతిమాలాలా?”

ఎప్పుడూ ఇక్కడే ఆమె లేచేది. ఈసారి కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. “మీ కాగితాలు సోమవారానికండీ, నిన్న ఫోన్లో మీరే అన్నారు. నాది ఆరింటికి. ఆపితే మొదటికొస్తుంది. ఆపను.”

హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఆగరా బాబూ! అది కూతపెడుతున్నప్పుడు ముట్టుకోకూడదు. ఆ మధ్య తెలీక నేను ప్లగ్గు పీకేస్తే, పాపం అమ్మాయి మళ్లీ మొదట్నించీ చేసుకుంది.”

ఆయన హాలువైపు చూశాడు, భార్యవైపు చూశాడు, వెళ్లి టీవీ పెట్టుకున్నాడు.

అయిదున్నరకు ఆమె పంపింది. ఆరుకు ఏడు నిమిషాలున్నాయనగా జవాబు వచ్చింది. “మా దగ్గరున్న మూడు వేగమైన కంప్యూటర్ల మీద మూడు పేర్లతో కట్టి చూశాను. అక్షరం తేడా లేదు. మీరు తీసింది మీ ఇంటి గొడవ ఒక్కటే కాదు, ఈ కంపైలర్‌తో ఇకముందు ఎవరు ఏది కట్టినా ఈ తలనొప్పి ఉండదు. ఇరవై ఏళ్లుగా తనిఖీ చేస్తున్నాను, ఇంత నిజాయితీ పని తక్కువ చూశాను. తీసుకున్నాం.” కింద ప్యాకేజీ వివరాలు. బాధ్యత వహించేవారు అన్న చోట ఆమె పేరు, పుట్టింటివాళ్లు పెట్టింది పెట్టినట్టు. ఆ పేరును ఆమె మూడుసార్లు చదువుకుంది. ఒళ్లంతా వెచ్చబడింది. తనది మంచి చెయ్యి, ఆరేళ్లయినా మొద్దుబారలేదు. ఆ మాట ఇంకెవరో చెప్పక్కర్లేకుండా తనకే తెలిసింది. టీచరమ్మకు ఒక్క ముక్క రాసింది: “వస్తోంది.”

తర్వాత ఆ కంప్యూటర్లో తన పేరుతో కొత్త ఖాతా తెరుచుకుని, తన ఫైళ్లన్నీ అందులోకి మార్చుకుంది. హాల్లోకి పెట్టె తెచ్చి భర్త ముందు పెట్టింది.

“అయిపోయిందా? పొద్దుట్నించీ కూర్చుని అంతలా ఏం చేశావ్?”

“నేను చేసిన పనిలో నాలుగు వందల పన్నెండు చోట్ల మీ పేరుంటే తీసేశాను.”

ఆయన వేళాకోళమనుకుని నవ్వాడు. “నా పేరు తీసేస్తే ఇంకేం నడుస్తుంది?”

“ఇప్పుడే సరిగ్గా నడుస్తోందండీ” అంది ఆమె.