కిలో లోపు

ఆవిడ పని ఇళ్ళ ప్లాన్లు గీయడం. రోజంతా సగం కట్టిన మేడలెక్కి దిగుతూ లాప్‌టాప్ వెంట మోయాలి. ఆమె మొగుణ్ణి వీధిలో అందరూ మెత్తనాయన అంటారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే అచ్చంగా ఆయనే. కోపం వస్తే పెళ్ళాం లాప్‌టాప్ తీసి ఆమె చేతి మీదే బద్దలుకొడతాడు. మర్నాడు తల దువ్వుకుని, పెద్ద షాపుకు తీసుకెళ్ళి అంతకంటే మంచిది కొనిపెడతాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈయనకు తొక్కడమూ కావాలి, కడగడమూ కావాలి.

ఇప్పుడు కొనేది మూడోది. వేరే పోయి బతుకుదామని ఆమె ఒక గది అద్దెకు మాట్లాడుకుంది. ఆ అద్దె ఒప్పందం నిన్న లాప్‌టాప్‌లో ఆయన కంటపడింది. ఇవాళ ఆమె కుడి మణికట్టు కట్టులో ఉంది.

సేల్స్‌మన్ బల్ల మీద రెండు చూపించాడు. "ఇది కిలో లోపే మేడమ్, మోస్తున్నట్టే ఉండదు. ఇదైతే కిలోన్నర. కానీ ఒళ్ళంతా లోహమే, స్క్రీన్ పెద్దది, ప్లాన్లకు బావుంటుంది."

"తేలికదే ఇవ్వండి. పాపం, మెట్ల మీద జారిపడి చెయ్యి బెణికింది," అన్నాడు మెత్తనాయన. విరిచినవాడికి ఆ చెయ్యి మీద ఎంత జాలో చూడండి.

సేల్స్‌మన్ కొత్త డబ్బా కోసం లోపలికి వెళ్ళాడు. మెత్తనాయన బల్ల చాటున కట్టు మీద బొటనవేలు పెట్టి వాపును నొక్కాడు. పెదాల మీద నవ్వు అలాగే ఉంది.

"ఇంటికి పద. ఎడం చెయ్యి ఇంకా మిగిలిందిగా."

ఆయన చెప్పిన దెబ్బ ఏనాడూ తప్పలేదు. ఇంటి గుమ్మం దాటితే అయిపోయినట్టే.

తేలికదాన్ని ఎడమ చేత్తో ఎత్తి ఆయన ముఖాన కొట్టింది. అంచు తగిలి ముక్కు చిట్లింది. లాప్‌టాప్‌కు కట్టిన తీగ తెగి అలారం మోగింది. కాపలావాడు పరిగెత్తుకొచ్చి ఆమె చెయ్యి వెనక్కి విరిచాడు, అదీ కుడిదే. ఆమె అరిచిన అరుపుకు షాపంతా ఇటు తిరిగింది.

"పోలీసుల్ని పిలవమంటారా సార్?" అన్నాడు మేనేజర్.

"వద్దండి, మొగుడూ పెళ్ళాల గొడవ. పగిలింది కూడా నేనే కొనేస్తా. ఇంటికి తీసుకెళ్తాను," అన్నాడాయన, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

మేనేజర్ మొహం తేటపడింది. కాపలావాడు చెయ్యి వదిలేశాడు. ఎంత ఓపికమ్మా ఆయనకి అంది పక్కనున్న ఒకావిడ.

"నేను ఇంటికి వెళ్ళను. కొట్టింది నేనే. పోలీసుల్ని పిలవండి," అంది ఆమె.

"ఊరుకోండమ్మా. ఆయనే వద్దంటున్నారు కదా," అన్నాడు మేనేజర్.

మెత్తనాయన ఆమె భుజం మీద చెయ్యేశాడు. "పద."

ఒక్క దెబ్బ చాలలేదని ఆమెకు అర్థమైంది. కిలోన్నరది రెండు చేతులా పట్టుకుంది. కుడి మణికట్టులో ఎముక కలుక్కుమంది, అయినా వదల్లేదు. దవడ మీద వేసింది. పళ్ళు రెండు ఊడి బల్ల మీద పడ్డాయి. ఆయన కూలిపోయాక, నేల మీద చాపిన ఆయన కుడిచేతి మీద ఇంకో దెబ్బ వేసింది. అది మాత్రం పోలీసుల కోసం కాదు.

ఈసారి ఎవరూ ఇంటి గొడవ అనలేదు. మేనేజర్ పోలీసులకు ఫోన్ చేశాడు.

జీపు ఎక్కించాక పక్కన కూర్చున్న లేడీ కానిస్టేబుల్‌ని ఆమె ఒక్కటే అడిగింది. "లోపల పెట్టాక తాళం వేస్తారా?"

"వెయ్యకుండా ఎలా?"

"ఆయనొచ్చి అడిగినా తియ్యరుగా?"

కానిస్టేబుల్ ఆ కట్టు వంక చూసి, "తియ్యం," అంది.

స్టేషన్ చేరేలోపే ఆమె నిద్రపోయింది.